ఎడమ పక్క సుద్ద రాత

మా ఆవిడ ప్రాణం పోయేటప్పుడు నేను పక్కన లేకపోవడానికి కారణం ఆవిడ సొంత తమ్ముడు. ఇందులో వాదించేదేమీ లేదు. మా చుట్టాల్లో చిన్నా పెద్దా అందరికీ ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలిసిన సంగతే. చివరికి వాడే మా గుమ్మంలో నిలబడి ఒప్పుకున్నాడు. తప్పు చేసినవాడే ఒప్పుకున్నాక ఇక పంచాయితీ దేనికి.

వాడి పేరు నా నోట రాదు. రైలు యార్డులో అందరూ సుద్దముక్క అనేవాళ్ళు. చెవి వెనక ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. పెళ్ళి ఫొటోలో కూడా అది చెవి వెనకే ఉందని వాళ్ళక్క పొట్ట పట్టుకుని నవ్వేది.

ముందు నా పనేమిటో చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు.

మేమున్న ఊళ్ళో రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. నగరంలో నేల కింద నడిచే రైళ్ళకు పెట్టెలు అక్కడే తయారయ్యేవి. నేల కింద తిరిగే పెట్టె నేల కింద పుట్టదు. దాన్ని మామూలు రైలు పట్టాల మీద, సరుకుల బండి తోకకు తగిలించి, ఎండలో వానలో రెండు రోజులు ఈడ్చుకుపోవాలి. ఆ రెండు రోజులూ పెట్టెల్లో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను. ముప్పై నాలుగేళ్ళు పెట్టెలకు తోడు పోయాను. పల్లెటూరి బడిలో ఏడో తరగతి చదివినవాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవడిస్తాడు.

పెద్ద లైను బండి కొక్కెం వేరు, ఈ పెట్టెల కొక్కెం వేరు. ఒకదాంట్లో ఒకటి పడవు. అందుకని మధ్యలో ఒక పాత వ్యాగను తగిలించేవాళ్ళు. దానికి ఆ కొసన ఆ కొక్కెం, ఈ కొసన ఈ కొక్కెం. దాన్ని మేము పెళ్ళిళ్ళ పేరయ్య అనేవాళ్ళం. రెండు వైపులవాళ్ళకూ కావలసినవాడు, పని అయ్యాక ఎవరింట్లోనూ ఉండనివ్వరు. పెట్టెల బ్రేకులకు కరెంటు కావాలి. దారిలో కరెంటు ఉండదు. కాబట్టి ఎక్కడ ఆగినా నేను పెట్టె పెట్టెకూ వెళ్ళి చేతి బ్రేకు చక్రం తిప్పి బిగించాలి. కదిలే ముందు మళ్ళీ అన్నీ విప్పాలి. ఒక్కటి మర్చిపోతే చక్రం తిరగకుండా పట్టా మీద రాసుకుని ఒక పక్క అరిగిపోతుంది. కొత్త పెళ్ళికూతురిని కుంటిదాన్ని చేసి పంపినట్టు.

సీట్లకు కాగితాలు చుట్టి ఉండేవి. కిటికీలకు తెరలు బిగించి ఉండేవి. ఆఖరి పెట్టెలో ఒక సీటు కాగితం విప్పుకుని దాని మీద పడుకునేవాణ్ణి. పొయ్యి, నూనె డబ్బా, గ్రీజు, ఎర్రజెండా, ఒక దుప్పటి. నగరంలో ఇన్ని లక్షలమంది కూర్చున్న సీట్ల మీద మొదట పడుకున్నవాణ్ణి నేనే. ఆ సంగతి ఎవడికీ తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

నగరం అంచున లింకు లైను ఉండేది. పెద్ద లైను నుంచి చీలి, రెండు గోడల మధ్య కిందికి దిగి, సొరంగంలోకి పోయే ఒంటి పట్టా. దానికి ఇనుప గేటు. గేటుకు రెండు తాళాలు. ఒకటి పెద్ద లైనువాళ్ళది, ఒకటి నేల కింది వాళ్ళది. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. కొత్త పెట్టెలు వచ్చిన రోజున తప్ప ఎప్పుడూ తెరవరు. నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పేవాడు, ఆ లింకు లేని కాలంలో పెట్టెలను ముక్కలు చేసి బళ్ళమీద వీధుల్లోంచి లాక్కొచ్చి, రోడ్డుకు గొయ్యి తవ్వి, తాళ్ళతో కిందికి దించేవాళ్ళట. చూడడానికి జనం మేడలెక్కేవాళ్ళట. మేము తెచ్చిన రోజుల్లో ఒక్క కుక్క కూడా చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. బండి ఎక్కడ ఆగినా నేను దిగి, రెండు పక్కలా నడిచి, ప్రతి ఇరుసు డబ్బా మీదా అరచెయ్యి పెట్టి చూడాలి. ఇరుసు తిరిగే చోట గ్రీజు ఎండితే డబ్బా వేడెక్కుతుంది. వదిలేస్తే అంటుకుంటుంది. ఆరు పెట్టెలకు ఒక్కో పక్క ఇరవై నాలుగు డబ్బాలు. చూశాక షీటులో రాయాలి, రెండు పక్కలా చూడడమైనది అని, టైము వేసి, సంతకం పెట్టి.

ఎడమ పక్క ఇంకో పట్టా ఉంటుంది. దాని మీద ప్యాసింజర్లు చెప్పకుండా వస్తాయి. నేను పనిలో చేరిన ఏడే ఒక తోడుమనిషి అక్కడ నలిగిపోయాడు. అప్పటినుంచి ఎవరూ ఎడమ పక్కకు పోయేవాళ్ళు కాదు. పెద్దాయన అనేవాడు, కుడి చెవి పట్టుకుంటే జ్వరం తెలియదా, ఎడమ చెవి కూడా పట్టుకోవాలా అని. అందరం నవ్వేవాళ్ళం. షీటులో మాత్రం రెండు పక్కలా అనే రాసేవాళ్ళం.

ఒక్క జంక్షన్లో మాత్రం ఎడమ పక్కకు వెళ్ళేవాళ్ళం. ఫ్యాక్టరీ నుంచి నాలుగు గంటల దారిలో పెద్ద జంక్షన్. అక్కడి యార్డు మనుషులు చక్రాలు చూసి, ఏ డబ్బాలో గ్రీజు పోశారో, ఏ బోల్టు బిగించారో సుద్దతో పెట్టె మీదే రాసేవాళ్ళు. ఎడమ పక్కనే రాయాలి. కుడి పక్క గేటు దగ్గర ఆఫీసర్లు నిలబడి చూసుకునే పక్క, దాని మీద సుద్ద మరక ఒక్కటున్నా సంతకం పెట్టరు. ఎడమ పక్క రాతలను గేటు దగ్గర తడి గుడ్డతో తుడిచి లోపలికి పంపేవాళ్ళు. ఇంటి కబుర్లు కూడా ఆ రాతల్లోనే వచ్చేవి. ఒకడికి కొడుకు పుట్టిన కబురు పెట్టె మీదే రాశారు, బరువుతో సహా. వాడు ఆ పెట్టెను తుడవనివ్వలేదని గేటు మేస్త్రీ తగువు పెట్టుకున్నాడు.

ఆ జంక్షన్లోనే మా సుద్దముక్క పని చేసేవాడు. ఉద్యోగం వేయించింది నేనే. అది వాళ్ళక్క కోరిక.

మా ఆవిడ పోవడానికి రెండు వారాల ముందు వాడు మా ఇంటికి వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నాతో అన్నాడు.

"బావా, అక్క చిక్కిపోతోంది. పొట్ట పట్టుకుని కూర్చుంటోంది. నువ్వు ఇంట్లో ఉండేది తక్కువ, నీకు కనపడదు. ఒకసారి డాక్టరుకి చూపించు."

నాకు ఒళ్ళు మండింది. నా ఇంటి సంగతి నేను వేయించిన ఉద్యోగంలో ఉన్నవాడు నాకు చెప్పడమా. ముందు నీ ఇరుసులు చూసుకోరా, మా ఇంటి ఇరుసులు నేను చూసుకుంటాను అన్నాను. వాడు తల వంచుకుని పోయాడు. మా ఆవిడ లోపలినుంచి విని, వాడన్నదాంట్లో తప్పేముంది అంది. ఆ రెండు వారాలూ నేను ఇంట్లో ముభావంగానే ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే వాడి మాట నెగ్గినట్టు.

ఆ రోజు తెల్లవారగానే ఆరు పెట్టెలతో బయలుదేరాలి. మా ఆవిడ అన్నం డబ్బా కట్టి ఇచ్చి, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఏ పెట్టెలో పడుకుంటావు?"

"ఆఖరిదాంట్లో. ఎప్పుడూ అదే కదా."

"నంబరు చెప్పు. నగరం వెళ్ళినప్పుడు అందులోనే ఎక్కుతా. నాకంటే ఎక్కువ కాపురం చేసింది వాటితోనే కదా, ఒకసారి చూసుకోవాలి సవతిని."

నేను నంబరు చెప్పలేదు. ముభావంగా ఉన్నాను గదా.

ఎనిమిదింటికి వీధి పంపు దగ్గర పడిపోయిందట. పక్కింటి కుట్టుమిషను ఆవిడ, మా అమ్మాయి, ఇద్దరూ కలిసి ఆసుపత్రిలో చేర్పించారు. అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. కడుపులో ఏదో పగిలింది, ఒళ్ళంతా విషం పాకింది, ఒకరోజు రెండ్రోజులు, భర్తని పిలిపించండి అన్నారట. కుట్టుమిషను ఆవిడ ఫ్యాక్టరీకి ఫోను చేసింది. ఫ్యాక్టరీవాళ్ళు జంక్షన్ క్యాబిన్‌కి చేశారు. తొమ్మిదిన్నరకు ఆ ఫోను అందుకున్నది సుద్దముక్క. మా బండి జంక్షన్లోకి వచ్చింది పదింటికి. పదకొండున్నరకు మా ఊరికి ప్యాసింజరు ఉంది. దిగి అది ఎక్కితే మధ్యాహ్నం రెండున్నరకల్లా నేను ఆసుపత్రిలో ఉండేవాణ్ణి. నా బదులు పెట్టెలకు తోడు పోవడానికి జంక్షన్లో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. అది రూలు.

జంక్షన్లో నలభై నిమిషాలు ఆగాం. ఆ రోజు షీటు ఫ్యాక్టరీలో భద్రంగా ఉంది. అందులో ఇలా ఉంది: జంక్షన్, పది గంటల అయిదు నిమిషాలు, రెండు పక్కలా చూడడమైనది, డబ్బాలన్నీ చల్లగా ఉన్నవి. కింద నా సంతకం.

అక్కడినుంచి నగరం దాకా అన్నీ చిన్న స్టేషన్లు. దారిలో మూడుచోట్ల ఆగాం. ఒక్కచోటా ఫోను లేదు. మూడుచోట్లా రెండు పక్కలా అనే రాశాను.

సుద్దముక్క రెండింటికి డ్యూటీ దిగి, బండెక్కి, సాయంత్రానికి ఆసుపత్రికి చేరాడు. నేను లేను. మొదట నేను మందులకు వెళ్ళాననుకున్నాడట. తర్వాత మా అమ్మాయిని అడిగాడు, నాన్న ఏడమ్మా అని. నాన్న రాలేదు మావయ్యా అంది. తర్వాతి బండికి వస్తాడులే అన్నాడు. ఆ తర్వాతి బండికీ అదే అన్నాడు. ఆసుపత్రి స్టేషనుకు దగ్గర. బండి కూత వినపడ్డప్పుడల్లా మా ఆవిడ గుమ్మం వైపు తల తిప్పేదట. మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాటాక తిప్పడం మానేసింది.

మేము ఆ మధ్యాహ్నమే నాలుగింటికి గేటు చేరాం. ఇద్దరూ వచ్చి రెండు తాళాలూ తీశారు. నేను కుడి పక్క నిలబడి అప్పగింత కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టాను. అన్నీ అయ్యాక, కాగితాలు సంచిలో పెట్టుకున్నాక, గేటు మేస్త్రీ నా భుజం మీద చెయ్యి వేసి, మీ ఆవిడ పోయిందట, గంట కిందటే ఫోనొచ్చింది అన్నాడు. ముందే చెబితే సంతకాలు ఆగిపోతాయి కదా. వాణ్ణి నేను తప్పు పట్టను. వాడి స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

మూడోరోజు పొద్దున ఇంటికి చేరాను. నాకోసం ఆపి ఉంచారు. వీధంతా మనుషులు. నన్ను చూడగానే సుద్దముక్క ఎదురొచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బావా, రాశాను కదా. దిగలేదేం?"

అందరూ నా వైపు తిరిగారు. మా అక్క, మా ఆవిడ తరఫువాళ్ళు, ఫ్యాక్టరీ వాళ్ళు, కుట్టుమిషను ఆవిడ. మా అమ్మాయి వాళ్ళ అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నా మొహమే చూస్తోంది.

"ఎక్కడ రాశావు?"

"ఆఖరి పెట్టె మీద. ఎడమ పక్క."

"రెండు పక్కలా చూశాను. ఏమీ లేదు."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కావాలంటే షీటు తెచ్చి చూడండి, జంక్షన్ దగ్గర నా సంతకం ఉంటుంది అన్నాను. వాడు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఆ వీధిలో నిలబడ్డవాళ్ళందరికీ అది తప్పొప్పుకున్నట్టే కనిపించింది. ఎవరో అన్నారు, కంగారులో మర్చిపోయి ఉంటాడు పాపం అని. ఇంకెవరో, సొంత అక్క చావుబతుకుల్లో ఉంటే మర్చిపోతారా అన్నారు. ఆ రెండో మాటే నిలబడింది.

తర్వాత అమ్మాయిని మా అక్క దగ్గర ఉంచాను. నేను పెట్టెలతో పోతూనే ఉన్నాను. సుద్దముక్క వేరే యార్డుకు మార్పించుకున్నాడు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వాణ్ణి పిలవడం మానేశారు. పిలిస్తే నేను రానని చెప్పాను మరి. ఆ యార్డునుంచి వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు, వాడు సుద్దతో ఏది రాసినా పక్కవాణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించేవాడట. రాశాను, చూడు, కనబడుతోంది కదా అని. ఒక బోల్టు బిగించినా అంతే. కుర్రవాళ్ళు నవ్వుకునేవాళ్ళట. విన్నప్పుడు నాకు బాగానే ఉండేది.

పంతొమ్మిదేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం మా తలుపు తట్టాడు. మనిషి సగమైపోయాడు. చెవి వెనక సుద్దముక్క లేదు. లోపలికి రమ్మనలేదు నేను. గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"బావా, నేను రాశాననే అనుకుంటూ వచ్చా ఇన్నాళ్ళూ. రాసినట్టు కళ్ళకు కడుతుంది. కానీ నువ్వు రెండు పక్కలా చూశానన్నావు. నువ్వు అబద్ధం ఆడవు, అది నాకు తెలుసు. అంటే నేనే రాయలేదన్నమాట. రాద్దామనుకుని ఉంటాను, ఆ కంగారులో రాశాననుకుని ఉంటాను. తప్పు నాదే. ఒక్కసారి సరేలేరా అను. చాలు."

నేను అనలేదు. ఒప్పుకున్నావు కదా, ఇక వెళ్ళు అన్నాను. మంచినీళ్ళు ఇవ్వనా అని కూడా అడగలేదు. వాడు రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూసి, గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయాడు. ఆ సాయంత్రమే మా అక్కకు కబురు పెట్టాను, వాడే ఒప్పుకున్నాడని. అక్క అందరికీ చెప్పింది.

నాలుగేళ్ళ కిందట పోయాడు. మా అమ్మాయి వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

ఇప్పుడు లింకు లైను లేదు. గేటు ఊడదీశారు. పట్టాలు పీకి, సొరంగం నోటికి ఇటుకలు కట్టారు. పెట్టెలను పొడుగాటి లారీల మీద రోడ్డునే తెస్తున్నారు, తోడుమనిషి అక్కర్లేదు. నా తోటివాళ్ళలో బతికి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మొన్న నేల కింది రైలు ఆఫీసునుంచి ఒక అమ్మాయి వచ్చింది. పెట్టెలు ఎలా వచ్చేవో పుస్తకం వేస్తున్నారట. నా మాటలు ఎక్కించుకోవడానికి చిన్న మిషను తెచ్చింది. ఆ రోజు మా అమ్మాయి కూడా ఇంట్లోనే ఉంది.

ఆ పిల్ల వినయంగానే అడిగింది. కొక్కేల గురించి, పెళ్ళిళ్ళ పేరయ్య గురించి చెప్పాను. నవ్వింది. రెండు తాళాల గురించి చెప్పాను. తర్వాత సంచిలోంచి పాత ఫొటోలు తీసి బల్ల మీద పరిచింది. గేటు దగ్గర తీసినవి, ఆఫీసు బీరువాల్లో దొరికాయట. ఏ ఫొటో ఏ ఏడాదిదో, అందులో ఎవరెవరున్నారో చెప్పాలి. ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాను. ఇదిగో గేటు మేస్త్రీ. ఇదిగో పెద్దాయన, మీసాలు చూడు.

ఆమె ఇంకొకటి నా ముందుకు జరిపింది.

"ఇది మాత్రం అటు పక్క తీశాడండీ. ఎండ అటు ఉందని వెళ్ళినట్టున్నాడు. ఎడమ పక్క ఫొటో ఇదొక్కటే దొరికింది. దీంట్లో రాత భలే ఉంది, పుస్తకంలో పెద్దగా వేద్దామనుకుంటున్నాం."

ఆఖరి పెట్టె. గేటు ముందు ఆగి ఉంది. పెట్టె పక్కన ఒకడు బకెట్టు పెట్టుకుని తడి గుడ్డతో తుడుస్తున్నాడు. చివరి మాటలు అప్పటికే తుడిచేశాడు. మిగతాదంతా తెల్లగా, జానెడేసి అక్షరాల్లో ఉంది.

బావా, అక్కకి చాలా సీరియస్. ఇక్కడే దిగిపో. పదకొండున్నర బండికి

ఆ తర్వాత తడి.

వెనక తారీకు వేసి ఉంది. చూడక్కర్లేదు. పెట్టె కింద, రెండు చక్రాల మధ్య ఖాళీలోంచి అవతలి పక్క నేల కనపడుతోంది. అక్కడ ఒక జత బూట్లు ఉన్నాయి. ఎడమ బూటు ముందు అతుకు ఉంది. ఆ అతుకు వేయించింది మా ఆవిడ. ఆ రాతకూ నాకూ మధ్య ఒక పెట్టె వెడల్పు.

"ఎవరో బావమరిది రాసినట్టున్నాడు," అంది ఆ పిల్ల. "ఈ బావ ఎవరో మీకు తెలుసా అండీ? దిగాడా పాపం?"

మా అమ్మాయి టీ కప్పులు తెస్తూ ఆ మాట విని, కప్పులు బల్ల మీద పెట్టి, ఫొటో చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. చదవడానికి అంత సేపు పట్టదు.

"ఇది మావయ్య రాతే నాన్నా."

"అవును."

"నువ్వు ఆ పక్కకి వెళ్ళావా?"

"లేదు."

"జంక్షన్లో?"

"వెళ్ళలేదు. వాడి మొహం చూడడం ఇష్టం లేక లోపలే కూర్చున్నాను."

ఆఫీసు పిల్ల మిషను వైపు చెయ్యి చాపి ఆపేసింది. తెలివైనదే.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ మొదలుపెట్టాక మిగతాది ఎందుకు దాచాలి. చెప్పాను. వాడు తట్టాడు. మూడుసార్లు తట్టాడు. తెరలు బిగించి ఉన్నాయి కాబట్టి లోపల నేనున్నానో లేనో వాడికి తెలియదు. మూడోసారి బావా అని కూడా పిలిచాడు. విన్నాను. మళ్ళీ డాక్టరు గొడవే ఎత్తుతాడనుకున్నాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, వెళ్ళిపోయేదాకా. తర్వాత సుద్ద గీసిన చప్పుడు వినపడింది. రేకు మీద సుద్ద గీస్తే లోపలికి బాగా వినపడుతుంది. గ్రీజు లెక్క రాస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి వాడి నోట రాశాననే మాట విన్న క్షణాన నాకు ఆ చప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే అన్నాను, రెండు పక్కలా చూశానని.

మా అమ్మాయి కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. నాలాగే కళ్ళు పొడి.

"ఆయన చచ్చిపోయేదాకా తనే రాయలేదనుకున్నాడు నాన్నా. పోయేముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, అమ్మని నేనే ఒంటరిగా పంపేశానమ్మా అన్నాడు. నేను పోనీలే మావయ్యా, క్షమించాను అన్నాను. నేను ఆయన్ని క్షమించాను."

టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

ఆఫీసు పిల్ల ఫొటో అక్కడే వదిలి వెళ్ళింది, ఇంకోటి తీయించుకుంటానంది. మా అమ్మాయి దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ అత్తయ్యకు ఇచ్చింది, సుద్దముక్క పెళ్ళానికి. ఆవిడకు చూపు సరిగా లేదు. చదివి వినిపించమంది. విని, ఎన్నింటి బండి అని రాశాడూ అని అడిగిందట. పదకొండున్నర అని చెబితే, ఆ బండి మంచిదే, టైముకు పోయేది అందట. ఫొటోను పరుపు కింద పెట్టుకుంది. నా గురించి అడగలేదు. మా అమ్మాయి ఆ ఇంటినుంచి తిన్నగా తన ఇంటికి పోయింది. మూడు వారాలైంది. ఇటు రాలేదు, ఫోనూ చెయ్యలేదు. చెయ్యదు. నా కూతురు.

పుస్తకంలో ఆ ఫొటో కింద ఏం రాయమంటారని ఆఫీసువాళ్ళు ఉత్తరం రాశారు. గేటు దగ్గర పెట్టెను తుడుస్తున్న కార్మికుడు అని రాయమన్నాను. అది నిజమే.

మొదట్లో రాసిన మాటలు కొట్టేయలేదు. వీధిలో అందరి ముందూ, మా అక్క ఇంట్లో, మా అమ్మాయి ముందు, ముప్పై ఒక్క ఏళ్ళు ఎలా చెప్పానో అలాగే ఉంచాను. ఎంత గట్టిగా చెప్పేవాణ్ణో చదివేవాళ్ళు చూడాలి. వాడి గుమ్మానికి వెళ్ళి వెనక్కి తీసుకుందామంటే వాడు లేడు. పెళ్ళానికి చెబుదామంటే ఆవిడ అడగలేదు.

అడిగినవాళ్ళకు ఇదే నా జవాబు. ఇది రాయడం అయిపోయింది. దీని గురించి ఇక ఎవరితోనూ, మా అమ్మాయి వచ్చి అడిగినా సరే, ఒక్క మాట మాట్లాడను.